ఉన్నోళ్ళ మీద పన్ను: బొగ్గుబాయి నుంచి భూమి దాకా

దసరా దగ్గర పడుతోందంటే గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ కార్మికవాడల్లో ఒకటే ముచ్చట: ఈసారి లాభాల వాటా ఎంత ప్రకటిస్తారు? 2024లో సింగరేణి సంస్థ విస్తరణకు పక్కన పెట్టిన సొమ్ము పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే రూ.796 కోట్లు కార్మికులకు పంచింది. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు అని ప్రభుత్వం చెప్పింది. అయితే ప్రకటించిన అంకె వేరు, బ్యాంకు ఖాతాలో పడే అంకె వేరు. మధ్యలో ఆదాయపు పన్ను కోత ఉంటుంది. జీతం, ఓవర్‌టైమ్, వాటా అన్నీ కలిపితే శ్లాబు పైకి జరుగుతుంది, కోత కూడా పెరుగుతుంది. బొగ్గుబాయి కార్మికులకు ఆదాయపు పన్ను మాఫీ చేయాలని యూనియన్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. ఆ కోరిక తెలంగాణ శాసనసభ దాకా వెళ్ళింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. 2025 బడ్జెట్‌లో కొత్త విధానం కింద రూ.12 లక్షల దాకా పన్ను లేకుండా చేశాక చాలామందికి ఊపిరాడింది. సర్వీసు ఎక్కువ ఉన్న వాళ్ళకు కోత మాత్రం తప్పలేదు.

అదే గోదావరి ఒడ్డున పాతిక ఎకరాల మాగాణి ఉన్న ఆసామి ఆదాయపు పన్ను ఆఫీసు గడప తొక్కనక్కర్లేదు. సాగు మీద వచ్చే రాబడి ఎంతైనా కేంద్ర పన్ను లేదు. పైగా ఎకరానికి ఇంత అని సర్కారే ఆయన ఖాతాలో వేస్తుంది.

ధనవంతులు ఎక్కువ పన్ను కట్టాలా వద్దా అన్న చర్చ ప్రపంచమంతటా శాతాల చుట్టూ నడుస్తోంది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి చూస్తే శాతాల కన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. పన్ను లెక్కలోకి ఎవరి సంపద వస్తోంది, ఎవరిది రావడం లేదు? జీతం దాచుకోలేని వాడి దగ్గర పన్ను మొదటి తారీఖునే వసూలవుతుంది. భూమి, గుట్ట, స్థలం రూపంలో ఉన్న సంపద దగ్గరికి వచ్చేసరికి చట్టమే పక్కకు తప్పుకుంటుంది.

జీతం చీటీ ఒకటి చేతిలోకి తీసుకుంటే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. అందులో వృత్తి పన్ను అని చిన్న గడి ఉంటుంది. తెలంగాణలో నెల జీతం రూ.15 వేలు దాటితే నూట యాభై, 20 వేలు దాటితే రెండు వందలు. అక్కడితో ఆఖరు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఒక్క వేలకు పాఠాలు చెప్పే టీచరమ్మ కట్టేదీ రెండు వందలే, నెలకు పది లక్షలు తీసుకునే కార్పొరేట్ ఆసుపత్రి డాక్టరు కట్టేదీ రెండు వందలే. రాష్ట్రం పెంచుదామన్నా కుదరదు. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి రూ.2,500 దాటొద్దని కట్టడి చేసింది. ఆ పరిమితి 1988 నాటిది. అప్పటి నుంచి ధరలు ఎంత మారినా ఆ అంకె కదల్లేదు.

వ్యవసాయ ఆదాయానికి ఉన్న మినహాయింపు కథ ఇంకా పాతది. 1860లో జేమ్స్ విల్సన్ తొలిసారి ఆదాయపు పన్ను తెచ్చినప్పుడు సాగు రాబడి కూడా అందులో ఉంది. 1886 చట్టం దాన్ని తీసేసింది. రైతులూ జమీందార్లూ అప్పటికే శిస్తు కడుతున్నారు కాబట్టి రెండోసారి పన్ను ఎందుకన్నది ఆనాటి వాదం. తర్వాత 1935 భారత ప్రభుత్వ చట్టం, దాని వెంట రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించాయి. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 46వ అంశం అదే. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(1) కేంద్రం వైపు నుంచి తలుపు మూసింది. హైదరాబాద్ రాష్ట్రానికి భారత ఆదాయపు పన్ను 1950లో వచ్చింది, మినహాయింపూ దానితోపాటే వచ్చింది. మినహాయింపుకు ఆధారంగా చూపిన శిస్తు కాలక్రమంలో నామమాత్రమై మాయమైంది. మినహాయింపు మాత్రం మిగిలింది.

ఇక శిస్తు దిక్కు పూర్తిగా తిరగబడిన చోటు కరీంనగర్ జిల్లాలోనే ఉంది. 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లి-ఇందిరానగర్‌లో ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు రైతుబంధు ప్రారంభించారు. పంటకు ఎకరానికి నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు. అప్పుల కోసం వడ్డీ వ్యాపారి ఇంటి చుట్టూ తిరిగే రెండెకరాల రైతుకు అది నిజంగా ఆదుకునే సొమ్మే. విత్తనాల వేళకు చేతిలో పైసలుండటం అంటే ఏమిటో మెట్ట సాగు తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ పథకానికి ఎకరాల పరిమితి లేదు. భూగరిష్ఠ పరిమితి చట్టం ఒక కుటుంబానికి మెట్ట అయితే నేలను బట్టి 35 నుంచి 54 ఎకరాల దాకా ఉంచుకోనిస్తుంది. యాభై నాలుగు ఎకరాల పట్టాదారుకు ఏడాదికి అయిదు లక్షల నలభై వేలు. ఆయన భూమిని కౌలుకు చేస్తున్న రైతుకు సున్నా. కలిగిన వాళ్ళు తమంతట తాము వదులుకోవాలని ప్రభుత్వం కోరింది. కొందరు మంత్రులు, అధికారులు వదులుకున్నారు కూడా. పథకం రూపం మాత్రం మారలేదు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో ఏడాదికి ఎకరానికి రూ.12 వేలు మొదలుపెట్టిన కాంగ్రెస్ ప్రభుత్వం వెంచర్లు, గుట్టలు, సాగుకు పనికిరాని నేలను జాబితాలోంచి తీసేసింది. అది మంచి పని. ఎకరాల పరిమితి జోలికి మాత్రం అదీ పోలేదు.

అలాగని సాగు రాబడి మీద పన్ను అనగానే ఊళ్ళల్లో పుట్టే భయాన్ని కొట్టిపారేయడం తప్పు. ఈ నేలకు పన్నుల జ్ఞాపకం చేదుగా ఉంది. ఆసిఫాబాద్ అడవుల్లో గోండులు పశువులు మేపుకున్నందుకు సుంకం, పోడు కొట్టుకున్నందుకు జరిమానా అనుభవించారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ పెత్తనం మీద తిరగబడే. మైదానంలో దొరల గడీలు సర్కారు శిస్తుకు పైన తమ సొంత వసూళ్ళు నడిపాయి. వెట్టి, మామూళ్ళు, పంచాయితీ పెట్టి వేసే దండుగలు. 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన జనంలో ఆ దండుగలు కట్టిన ఇళ్ళవాళ్ళు ఎందరో. వసూలంటే ఎప్పుడూ కింది వాడి దగ్గర గట్టిగా, పై వాడి దగ్గర మెత్తగా జరగడమే ఇక్కడి తరాలు చూసిన తీరు. అందుకే రైతు మీద పన్ను అన్న మాట వినగానే మొదట ఉలిక్కిపడేది రెండెకరాల వాడే. అతని మీద పడదని ఎవరూ నమ్మకంగా చెప్పలేదు మరి.

లెక్క వేసి చూద్దాం. నీటి వసతి ఉన్న ఎకరంలో పంటకు 25 క్వింటాళ్ళ వడ్లు అనుకుందాం. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు రూ.2,300. రెండు పంటలకు లక్షా పదిహేను వేలు. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత మిషను, కూలీలు సగం తినేస్తే ఎకరానికి ఏడాదికి మిగిలేది యాభై ఏడు వేల పైచిలుకు. ఉద్యోగికి ఇచ్చిన పన్నెండు లక్షల వెసులుబాటే రైతుకూ ఇస్తే ఇరవై ఎకరాలకు పైగా మాగాణి ఉండి, రెండు పంటలూ పండి, తాలు తరుగు కోతలు లేకుండా అమ్ముడుపోయిన వాడే పన్ను గీతకు చేరతాడు. పత్తి మీద ఆధారపడ్డ ఆదిలాబాద్ నల్లరేగళ్ళలో ఆ గీత ఇంకా దూరం. అంటే మామూలు రైతు జోలికి ఏ పన్నూ రాదు. ఖజానాకు ఇబ్బడిముబ్బడిగా వచ్చేదీ ఉండదు. విజయ్ కేల్కర్ కార్యదళం 2002లోనూ రైతుల్లో నూటికి తొంభై అయిదు మంది పన్ను గీతకు కిందే ఉంటారని అంచనా వేసింది.

మరి పట్టుబట్టడం ఎందుకు? సాగు రాబడి పేరు చెప్పుకొని సాగు కాని డబ్బు దాక్కుంటోంది కాబట్టి. వ్యవసాయ ఆదాయం మినహాయింపులను పరిశీలించిన కాగ్ 2019 నివేదికలో, తనిఖీ చేసిన కేసుల్లో 22.5 శాతం వాటిలో సరైన రుజువులు చూడకుండానే అధికారులు మినహాయింపు ఇచ్చేశారని రాసింది. కాంట్రాక్టులో మిగిలింది, రియల్ ఎస్టేట్‌లో చేతులు మారింది, లంచంగా వచ్చింది, అన్నీ మామిడి తోట ఖాతాలో జమ అవ్వొచ్చు. కె.ఎన్.రాజ్ కమిటీ 1972లోనే పెద్ద కమతాల మీద పన్ను వేయాలని చెప్పింది. దాని ఫలితంగా మిగిలిందల్లా, ఇతర ఆదాయం ఉన్న వాళ్ళకు పన్ను రేటు తేల్చేటప్పుడు సాగు రాబడిని కలిపి చూసే పద్ధతి ఒక్కటే. 2014లో పార్థసారథి షోమ్ నేతృత్వంలోని కమిషన్ ఏటా 50 లక్షలకు పైబడిన సాగు రాబడి మీద పన్ను వేయొచ్చంది. 2017 ఏప్రిల్‌లో నీతి ఆయోగ్ సభ్యుడు బిబేక్ దేబ్రాయ్ అదే మాట అంటే, అలాంటి ఆలోచనే లేదని ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ వెంటనే తేల్చేశారు.

భూమి మీద వచ్చే అసలు లాభం పంటలో లేదు, ధరలో ఉంది. ఇక్కడ చట్టం గీసిన ఒక గీత గురించి చెప్పుకోవాలి. లక్షకు పైన, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణం హద్దుల నుంచి ఆరు కిలోమీటర్ల లోపు ఉన్న సాగు భూమిని అమ్మితే లాభం మీద పన్ను ఉంది. గీత దాటి ఒక్క గెట్టు అవతల ఉంటే లేదు, ఎన్ని కోట్లొచ్చినా లేదు. కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ వర్తించేది ఈ ఆరు కిలోమీటర్ల లెక్కే. ప్రజల సొమ్ముతో నాలుగు వరుసల రోడ్డు పడుతుంది, మధ్య మానేరు నిండుతుంది, కాలువ వస్తుంది, కలెక్టరేట్ కదులుతుంది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొత్త జిల్లా కేంద్రాల చుట్టూ భూమి ధరలు ఎట్లా ఎగబాకాయో జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల వాసులు చూశారు. ఆ పెరుగుదలలో యజమాని చెమట చుక్క లేదు. పేపర్లో వార్త రాకముందే కబురు తెలిసి కొనిపెట్టుకున్న వాడికి అది ఊరికే వచ్చిన సొమ్ము. అమ్మకం నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్కారు విలువ ఒకటి రాసి, మిగతాది నగదుగా చేతులు మార్చుకోవడం అందరికీ తెలిసిన రహస్యం. 2021 జులైలో రాష్ట్రం భూముల విలువలు సవరించి, రిజిస్ట్రేషన్ మొత్తం ఖర్చును 6 నుంచి 7.5 శాతానికి పెంచింది. అప్పుడు సాగు భూమికి పెట్టిన కనీస విలువ ఎకరానికి రూ.75 వేలు. ఆ ధరకు ఎకరం ఏ ఊళ్ళో దొరుకుతుందో అడిగితే రైతులు నవ్వుతారు.

రేట్లు బాగా పెంచితే సరిపోతుందన్న వాదానికి ఈ దేశమే ఒక అనుభవం చూపించింది. 1973-74లో అత్యధిక ఆదాయపు పన్ను రేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. వంద రూపాయలు సంపాదిస్తే రెండుంపావు మిగిలే చోట నిజం చెప్పే వాడెవడు? అంతకు ముందే, 1971లో, వాంఛూ కమిటీ ఈ రేట్లే నల్లధనాన్ని పెంచుతున్నాయని హెచ్చరించి 75 శాతానికి దించమంది. తర్వాత రేట్లు మెట్టు మెట్టుగా దిగి 1997లో 30కి చేరాయి.

ఈ రెండు కాలాలనూ తన జీవితంలో మోసిన మనిషి పాత కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి.నరసింహారావు. మంథని నుంచి 1957 మొదలు ఇరవై ఏళ్ళు ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూసంస్కరణలకు పూనుకున్నారు, తానూ భూమి వదులుకున్నారు. 1973 జనవరిలో పదవి పోయింది. జై ఆంధ్ర ఉద్యమం పైకి కనిపించిన కారణమైతే, భూస్వాముల కోపం దాని వెనక బలంగానే పనిచేసింది. భూగరిష్ఠ పరిమితి చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. ఆలోపు ఎన్ని భూములు బంధువుల పేర్ల మీదికీ పాలేర్ల పేర్ల మీదికీ మారాయో ఊళ్ళల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అదే పి.వి. ప్రధాని అయ్యాక ఆయన ప్రభుత్వమే, మన్మోహన్ సింగ్ చేత, అత్యధిక రేటును 40కి దించింది. సంపద పన్నులోంచి షేర్లనూ బాండ్లనూ తప్పించింది. ఇందులో కొందరు వైరుధ్యం చూస్తారు. నిజానికి రెండు సందర్భాల్లోనూ ఆయన ఎదుర్కొన్న చిక్కు ఒకటే: చట్టం రాసినంత తేలికగా సంపద దొరకదు.

సంపద పన్ను చరిత్ర అదే చెబుతుంది. నికొలస్ కాల్డర్ సలహాతో 1957లో వచ్చిన ఆ పన్ను, చివరి దశలో 2013-14లో తెచ్చింది దేశం మొత్తం మీద రూ.1,008 కోట్లు. 2015లో రద్దు చేసి, కోటి దాటిన ఆదాయం మీద రెండు శాతం అదనపు సర్‌చార్జీ వేశారు. వారసత్వ ఆస్తి మీది పన్ను 1953లో వచ్చి 1985లో పోయింది. వి.పి.సింగ్ దాన్ని ఎత్తేసినప్పుడు వసూళ్ళు ఏటా ఇరవై కోట్లు. విఫలమైంది ఆలోచనా, అమలా? మినహాయింపులతో చిల్లులు పడ్డ చట్టాన్ని చూపించి, సంపద మీద పన్నే పనికిరాదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆ చట్టాలు వచ్చిన రోజుల్లో కంప్యూటర్ లేదు, పాన్ లేదు, డీమ్యాట్ ఖాతా లేదు. ఇప్పుడు ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఈలోగా అంతరం ఎంత పెరిగిందో 2024 మార్చిలో థామస్ పికెటీ బృందం లెక్కగట్టింది. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయి. పది కోట్లకు మించిన నికర సంపద మీద రెండు శాతం పన్ను, పెద్ద వారసత్వ ఆస్తుల మీద 33 శాతం వేయమని వాళ్ళ సూచన. అది తగిలేది వయోజనుల్లో 0.04 శాతానికే. సరిగ్గా అప్పుడే లోక్‌సభ ఎన్నికలు. వారసత్వ పన్ను గురించి కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా అన్న మాట దుమారమైంది. చర్చ జరగాల్సిన చోట అరుపులు మిగిలాయి. బయటి ప్రపంచంలోనూ అనుభవాలు కలగలుపే. ఫ్రాన్స్ 2018లో సంపద పన్నును స్థిరాస్తులకే కుదించింది. నార్వే 2022లో రేటు పెంచాక పలువురు కుబేరులు స్విట్జర్లాండ్ తరలిపోయారు. అందుకే గాబ్రియెల్ జుక్‌మన్ 2024లో జి-20 దేశాల ముందు పెట్టిన ప్రతిపాదన అన్ని దేశాలూ కలిసి వేసే కనీస పన్ను. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. షేర్లు సరిహద్దు దాటుతాయి. హుస్నాబాద్ రోడ్డు పక్కన ఉన్న పది ఎకరాలు ఎక్కడికీ పోవు.

దేశం నడుస్తున్న దారి మాత్రం పైవాళ్ళకు తగ్గించే వైపే. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దిగింది. ఖజానా వదులుకున్నది ఏడాదికి రూ.1.45 లక్షల కోట్లని ఆర్థిక మంత్రే చెప్పారు. 2023లో కొత్త విధానం కింద అయిదు కోట్లు దాటిన ఆదాయం మీద సర్‌చార్జీ 37 నుంచి 25కు తగ్గింది. షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి పన్ను 12.5 శాతం, జీతం మీద పై శ్లాబు 30.

కింది వాడు పన్నే కట్టడన్న అపోహ ఇంకా పోలేదు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. టీవీఎస్ ఎక్సెల్ మీద కూరగాయలు తెచ్చే మనిషీ, ఫార్చ్యూనర్ నడిపే మనిషీ లీటరుకు ఇచ్చేది ఒకటే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీల మీద 28 శాతం, ఆదిలాబాద్ అడవుల్లో ఆదివాసీలు ఏరే తునికాకు మీద 18 శాతం పడ్డాయి. అంతకు మించిన దెబ్బ ఇంకొకటి పెద్దగా మాట్లాడకుండా పడింది. 1976 నుంచి వసూలైన బీడీ కార్మిక సంక్షేమ సెస్సు జీఎస్టీతోనే రద్దయింది. ఆ సెస్సుతోనే బీడీలు చుట్టే ఆడవాళ్ళకు దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు నడిచేవి. పన్ను పెరిగింది, దాని ఫలం మాత్రం వాళ్ళ నుంచి దూరమైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆకుకు 5 శాతం, 2026 ఫిబ్రవరి 1 నుంచి బీడీలకు 18 శాతం చేశారు. సిరిసిల్ల మరమగ్గాల వాళ్ళయితే బట్ట మీద 5 శాతాన్ని 12 చేస్తారన్న భయంతో 2021 చివరి రోజు దాకా వణికారు. డిసెంబర్ 31న జీఎస్టీ కౌన్సిల్ వాయిదా వేసింది.

గుట్టల సంగతీ ఉంది. కరీంనగర్ చుట్టూ తవ్వే గోధుమ రంగు గ్రానైట్ ‘టాన్ బ్రౌన్’ పేరుతో చైనా దాకా పోతుంది. గుట్ట ప్రజలది. సర్కారుకు దక్కేది ఘనపు మీటరుకు ఇంత అని కట్టే సీనరేజ్. పర్మిట్‌లో రాసే కొలత తగ్గితే ఆ మేరకు ప్రజల సొత్తు పోయినట్టే. 2022 నవంబర్‌లో కరీంనగర్, హైదరాబాద్‌లలోని గ్రానైట్ ఎగుమతిదారులపై సోదాలు చేసిన ఈడీ, రాయల్టీ కట్టిన దాని కన్నా ఎక్కువ రాయి ఎగుమతయిందని ప్రకటించింది. తప్పెవరిదో చట్టం ముందు తేలాలి. క్వారీ దుమ్ము పీల్చే ఊళ్ళ నష్టం మాత్రం ఏ తీర్పుతోనూ తీరదు.

ఇవన్నీ చూశాక ఉన్నవాళ్ళు ఎక్కువ కట్టాల్సిందే అనడానికి సంకోచం అక్కర్లేదు. 97 శాతం రోజులు మళ్ళీ రానక్కర్లేదు. పన్ను లెక్కకు అందని సంపదను లెక్కలోకి తెస్తే చాలు. అందులో ఢిల్లీ అనుమతి అవసరం లేని పనులు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. పెద్ద కమతాల సాగు రాబడి మీద, రైతుకు పన్నెండు లక్షల వెసులుబాటు ఇచ్చి మరీ, పన్ను వేసే అధికారం శాసనసభది. మైనింగ్ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేయొచ్చని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది ధర్మాసనం తేల్చింది. భూముల సర్కారు విలువను అసలు ధరకు దగ్గర చేయడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని.

అన్నిటికన్నా సులువైనది రైతు భరోసాకు ఎకరాల పరిమితి. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాట ఇచ్చింది ఎకరానికి రూ.15 వేలు, అదీ కౌలు రైతుతో సహా. ఇస్తున్నది పన్నెండు వేలు, కౌలు రైతు ఇంకా బయటే ఉన్నాడు. ఖజానాలో డబ్బు లేదన్నది ప్రభుత్వం చెప్పే కారణం. పది ఎకరాల దగ్గర గీత గీస్తే మిగిలే సొమ్ము కౌలు రైతుకు చేరొచ్చు. ఎవరి పేరున ఎన్ని ఎకరాలున్నాయో ధరణి పోర్టల్‌లో ఎక్కింది, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలో ఉంది, కాబట్టి కొత్తగా సర్వే కూడా అక్కర్లేదు. ఆ గీత మీద శాసనసభలో ఓటింగు పెడితే చాలు. సభ్యుల భూముల వివరాలు ఎన్నికల అఫిడవిట్లలో ఎటూ ఉన్నాయి. ఎవరి ఓటు ఎటు పడిందో, ఆ పక్కనే వాళ్ళకు ఎన్ని ఎకరాలున్నాయో జమ్మికుంట, ఇచ్చోడ జనం పక్కపక్కన పెట్టి చదువుకుంటారు.